ఇంట్లో ఇంకెవరికి తలనొప్పి?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పొద్దున మా పెద్ద డాక్టరుగారు వార్డుకి వెళ్తూ వెళ్తూ మెట్ల మీద కూలబడ్డారు. నిలువెత్తు మనిషి. గొంతెత్తితే వార్డు ఆ చివరి దాకా వినిపించేది. అలాంటాయన ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి ముఖానికి ఎదురుగా చాపుకుని, దాన్నే చూస్తున్నారు.

“నా చేతికి సగం వేళ్లు కనిపించటం లేదమ్మా,” అన్నారు.

పక్షవాతం అనుకున్నాను. స్ట్రెచర్ తెమ్మని అరవబోయాను.

“అరవకు. కాసేపట్లో చూపు వచ్చేస్తుంది. ఆ తర్వాత తల పగలటం మొదలవుతుంది. నాకిది చదువుకునే రోజుల నుంచీ ఉంది. రాత్రి నిద్ర లేదు, పొద్దున ఏమీ తినకుండా వచ్చాను, మెట్లెక్కుతుంటే ఈ కిటికీలోంచి ఎండ నేరుగా కంట్లో పడింది. అంతే.”

ఆ ‘అంతే’ నాకు మింగుడు పడలేదు. ఒక పూట టిఫిను మానేస్తే, ఒక రాత్రి నిద్ర తప్పితే, ఇంత మనిషి మెట్ల మీద చూపులేనివాడిలా కూర్చోవాలా? మైగ్రేన్ గురించి చదివి, పరీక్ష రాసి, పాసయి వచ్చినదాన్నే. కానీ చదువుకున్నది కళ్లెదుట కూలబడే దాకా అదేమిటో నాకు తెలియలేదు.

నేను పుట్టింది టాటానగర్ రైల్వే కాలనీలో. మా నాన్న పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరారు. బయట ఊళ్లో వైద్యం చదివి, మళ్లీ ఈ ఊరికే వచ్చి, బిష్టుపూర్‌ దగ్గర ఒక ఆసుపత్రిలో ఫిజీషియన్‌గా పనిచేసి అక్కడే రిటైరయ్యాను. నా దగ్గరికి అందరికంటే ఎక్కువగా వచ్చినవాళ్లు తలనొప్పివాళ్లే. కొత్తగా చేరే డాక్టర్లు తలనొప్పి ఓపీడీ డ్యూటీ పడితే శిక్ష వేసినట్టు మొహం పెడతారు. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎన్ని కమిటీల్లో కూర్చున్నాను అన్నవి ఇక్కడ ఉండవు. నన్ను కుదిపేసిన సంగతులు మాత్రమే ఉంటాయి.

తట్టి లేపేవి

పెద్ద డాక్టరుగారు ఆ రోజంతా కర్టెన్లు వేసుకుని చీకటి గదిలో పడుకున్నారు. మర్నాడు నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

“ట్రిగ్గర్ వేరు, కారణం వేరు,” అన్నారు. “మైగ్రేన్ మనిషిలో ముందే ఉంటుంది. నిద్రపోతూ ఉంటుంది. దాన్ని తట్టి లేపేవి ట్రిగ్గర్లు. ఒకటి తడితే లేవకపోవచ్చు. రెండు మూడు కలిసి తడితే లేచి కూర్చుంటుంది. ఎండ ఒక్కటే అయితే నిన్న నాకేమీ అయ్యేది కాదు.”

ఈ ఊళ్లో ఆ తట్టి లేపేవాటికి కొదవ లేదు. షిఫ్టు మారిన వారంలో నిద్ర గతి తప్పుతుంది. వేసవిలో మధ్యాహ్నం సాక్చీ రోడ్డు మీద నడిస్తే కారు అద్దాల మీది వెలుగు కంట్లో పొడుస్తుంది. ఉక్కు వర్క్స్‌లో వెల్డింగు మెరుపులు, కొలిమి ముందు కాంతి. ఆడవాళ్లకి నెలసరికి ముందు రోజులు. ఉపవాసాలు. పెళ్లిళ్లలో అత్తర్ల వాసన, పూజగదిలో అగరొత్తుల పొగ. రోజూ తాగే వేళకి టీ తాగకపోవటం. వడగాలి రోజుల్లో సాయంత్రం ఉరుమురిమి గాలి మారటం. వీటిలో అన్నీ అందరికీ పడనివి కావు. ఒకరికి పడనిది ఇంకొకరిని ఏమీ చెయ్యదు.

నేను మొదట్లో బొత్తిగా నమ్మనిది ఇంకొకటి ఉంది. తలనొప్పి పని ఒత్తిడి ఉన్న రోజున కాకుండా, ఆ ఒత్తిడి తగ్గిన రోజున వస్తుంది. “వారమంతా బాగుంతాను డాక్టరమ్మా, ఛుట్టీ రోజే పట్టేత్తాది,” అని ఎంతమంది కార్మికులు చెప్పారో. పని తప్పించుకునేవాడికి పనిరోజున రావాలి గాని సెలవు రోజున ఎందుకొస్తుంది? సెలవు కదా అని ఆలస్యంగా లేస్తారు, టిఫిను వేళ దాటిపోతుంది, టీ ఆలస్యమవుతుంది, వారమంతా బిగబట్టిన ఒళ్లు ఒక్కసారి వదులవుతుంది. మంచిరోజే మనిషిని మంచాన పడేస్తుంది.

ఇదంతా నేర్చుకున్నాక, నాకు అంతా తెలిసిందనే అనుకున్నాను.

ఆదిలక్ష్మి

ఆదిలక్ష్మి మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు కొత్త కోడలు. శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్లయి వచ్చింది. మొగుడు సింహాచలం కాంట్రాక్టు మీద ఫిట్టరు పని చేసేవాడు. అగ్రికోలో ఒక క్వార్టరు వెనక గదిలో అద్దెకుండేవాళ్లు. ఆ అమ్మాయి తలకి బిగించి గుడ్డ కట్టుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంది. అత్త పోలమ్మే మాట్లాడింది.

“తలంటుకుంటే సరిగ్గా ఆరబెట్టుకోదమ్మా. నీల్లు తలలో నిలిచిపోతన్నాయి. మరి నొప్పి రాదేటి?”

“మామ్మా, నువ్వు కాసేపు ఆగు. లక్ష్మీ, నువ్వు చెప్పు. ఏటవుతుంది?”

“ముందు కన్ను మిరుమిట్లు కొడతాదండి. తరవాత ఒక పక్కే కొట్టుకుంటాది. వాంతులు. వెలుగు చూడనేను.”

మైగ్రేనే. అందులో అనుమానం లేదు. అంతకుముందు చూపించుకున్న ఇద్దరు ముగ్గురు డాక్టర్లు కూడా మైగ్రేన్ అనే చెప్పారు. ట్రిగ్గర్లని మానమన్నారు. ఏం మానిందో చెప్పమన్నాను.

“పెరుగు. చింతపండు. వంకాయ. కొబ్బరి. జాంపండు, అరటిపండు. ఉల్లిపాయ. టీ. ఎండుచేప.”

“మరేటి తింటున్నావమ్మా?”

“అన్నం, ఆలూ. ఉప్పేసి ఉడకబెట్టుకుంతన్నాను.”

నేను పెన్ను కింద పెట్టేశాను. అదీ రోజూ కాదట. సోమవారం, శుక్రవారం ఉపవాసం. సింహాచలానికి సెకండ్ షిఫ్ట్ ఉన్న వారం అతను వచ్చే దాకా తినకుండా, పడుకోకుండా ఎదురుచూస్తుందట. మణికట్టు పట్టుకుంటే నా వేళ్లు కలిసిపోయి ఇంకా చోటు మిగిలింది. ఈ అమ్మాయి జబ్బుని తట్టి లేపేవి ఆకలి, నిద్రలేమి. నొప్పి తగ్గటానికని అందరూ కలిసి తిండి మాన్పించారు. మా వృత్తివాళ్లే మాన్పించారు. ఎండుచేప మానమన్న డాక్టరు ఎవరో గాని, ఒక్కసారి ఆ పిల్ల మణికట్టు పట్టుకుని చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

నేను పోలమ్మని బతిమాలి, కొంచెం బెదిరించి, ఉపవాసాలు మాన్పించాను. వేళకి తిను, మొగుడు రాకపోయినా తిను, రోజూ ఒకే వేళకి పడుకో అన్నాను. నొప్పి మొదలవగానే వేసుకోవలసిన మాత్ర, అది వారంలో ఎన్నిసార్లకి మించకూడదో చెప్పాను. కొన్నాళ్లు రోజూ వేసుకునే మందు కూడా ఇచ్చాను. పెరుగు తింటే ఏమీ కాలేదు. వంకాయ తిన్నా ఏమీ కాలేదు. జాంపండు మాత్రం భయపడి చాలా రోజుల తర్వాత తిన్నదట, దానికీ ఏమీ కాలేదు. నొప్పి ఎప్పుడో పండగకో పబ్బానికో వచ్చేది. పోలమ్మ ఒకరోజు కాగితం పొట్లంలో ఎండు మెత్తళ్ల చేపలు కట్టి పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. ఓపీడీ అంతా వాసన. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

మీకు ఒక మాట చెప్పాలి. తలనొప్పితో వచ్చిన ఆడమనిషికి ‘అవి తినకు, ఇవి ముట్టుకోకు’ అని జాబితా చదివేయటం తేలిక. ఇంట్లో ఆ జాబితాని ఆమె మీద ప్రయోగించేవాళ్లు అప్పటికే ఉంటారు. నొప్పి వచ్చిన ప్రతిసారీ ‘నువ్వేదో చేసే ఉంటావు’ అంటారు. ట్రిగ్గర్ అనే మాట మన నోట్లోంచి బయటికి వచ్చి, ఇంటికి వెళ్లేసరికి నేరంగా మారిపోతుంది. కాబట్టి చూసి, అడిగి, ఒక్కొక్కటిగా నిర్ధారణ చేసుకున్నాకే మాన్పించండి.

ఆ చలికాలం

నా రిటైర్మెంటు దగ్గరపడ్డ రోజుల్లో చలి విపరీతంగా ఉంది. అలాంటి ఒక ఉదయం, డాక్టర్ రిచా అని నా దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు, ఆదిలక్ష్మి కాగితాలు పట్టుకుని వచ్చింది. రిచా రాంచీ అమ్మాయి. నాతో హిందీలోనే మాట్లాడేది. పాత మైగ్రేన్ మళ్లీ మొదలైందనీ, రోజూ వస్తోందనీ, తను అడగాల్సినవన్నీ అడిగాననీ చెప్పింది. వేళకి తింటోంది. నిద్రపోతోంది. నెలసరితో సంబంధం లేదు. చలికాలం ఎండ అసలే లేదు. అగ్రికో నుంచి భాలుబాసాకి ఇల్లు మారారు కాబట్టి ఆ ఒత్తిడే ట్రిగ్గర్ అయి ఉంటుంది, రోజువారీ మందు మళ్లీ మొదలుపెడదామంది. తప్పు పట్టటానికి ఏమీ లేదు. నేను నేర్పినట్టే అడిగింది.

నాకు ఆదిలక్ష్మిని చూడాలనిపించింది. లోపలికి రమ్మన్నాను.

“ఏటయింది లక్ష్మీ? ఇన్నాళ్లూ బాగున్నావు కదా?”

“ఏటో డాక్టరమ్మా, బాలుబాసా ఇంటికొచ్చిన కాడ్నుంచి రోజూ నొప్పే. పొద్దున్న లేత్తే తల దిమ్ముగా ఉంటాది. కడుపులో తిప్పుతాది. ఇక్కడికొచ్చి బల్ల మీద కూకుంటే తగ్గిపోతాది. అత్తమ్మేమో, ఆసుపత్రి చూత్తే చాలు దీనికి తగ్గిపోద్ది, పని ఎగ్గొట్టడానికే అంటాది.”

“పాత నొప్పిలాగే ఉందా?”

“నేదండి. అది ఒక పక్కే కొట్టుకునేది. ఇది తలంతా పట్టేసినట్టుంటాది. కన్ను మిరుమిట్లు కూడా నేవు.”

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ సింహాచలం, రెండు కణతలూ వేళ్లతో నొక్కుకుంటూ అన్నాడు: “డాక్టరమ్మా, పనిలో పని నాకూ ఒక గోలీ రాసియ్యండి. నాకూ పట్టేసింది.”

నేను అతన్ని పెళ్లయిన కొత్తలో నుంచి చూస్తున్నాను. గడ్డకట్టే చలిలో చొక్కా గుండీలు విప్పుకుని తిరిగే మనిషి. ఒక్కసారి కూడా తలనొప్పి అనలేదు.

“నీకా? ఎప్పట్నుంచి?”

“చలి మొదలయిన కాడ్నుంచి. డ్యూటీకి పోతే ఉండదు. ఛుట్టీ రోజు ఇంట్లో ఉంటే మాత్రం పట్టేత్తాది.”

రిచా నా వైపు చూసి చిన్నగా నవ్వింది. సెలవు రోజు తలనొప్పి, నేను తరచూ చెప్పే పాఠం. నాకు నవ్వు రాలేదు. మైగ్రేన్ ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. పెళ్లాం మైగ్రేన్ మొగుడికి రాదు.

“ఇంట్లో ఇంకెవరికి?” అన్నాను.

“అమ్మకి కూడానండి. అమ్మయితే తలకి గుడ్డ కట్టుకునే ఉంటంది. నిన్నట్నుంచి తూలిపోతంది. ముసలితనం కదా అనుకున్నాం.”

“చలికి ఇంట్లో ఏం చేస్తున్నారు?”

“సిగ్డీ ఎడతన్నాం.” సిగ్డీ అంటే బొగ్గుల కుంపటి. ఈ ఊళ్లో సగం మంది దాని మీదే చలికాలం వెళ్లదీస్తారు.

“గదిలోనా?”

“గదిలోనే. కానీ పొగ ఉండదు డాక్టరమ్మా. బయటే అంటించి, పొగంతా పోయి నిప్పులు ఎర్రగా అయ్యేకే లోపలికి తెత్తాం. అగ్రికోలో వరండాలో ఎట్టేవోల్లం. ఇక్కడ వరండా నేదు.”

“కిటికీ?”

“కిటికీ నేదు. గోడకి గాలొచ్చే జాలీ ఒకటుంది. చలిగాలి కొడతందని దానికి ప్లాస్టిక్ కొట్టేసినాం.”

“ఇప్పుడు మామ్మ ఎక్కడుంది?”

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆదిలక్ష్మి చెప్పింది: “ఇంట్లోనే. చలి, చలి అంటంటే సిగ్డీ మంచం దగ్గరెట్టి వచ్చినాం. కుక్కలొత్తాయని లోపల్నుంచి గెడ ఏసుకుంది.”

తలుపు

బొగ్గు నిప్పుల్లోంచి వచ్చే విషవాయువుకి, కార్బన్ మోనాక్సైడుకి, రంగు లేదు, వాసన లేదు. పొగ పోయి నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు అది పుష్కలంగా పుడుతుంది. మూసిన గదిలో నిండిపోతుంది. మొదట తలనొప్పి, కడుపులో తిప్పటం, తర్వాత మగత, తర్వాత లేవలేకపోవటం. నేను వైద్య కళాశాలలో చదివిన సంగతే ఇది. మెట్ల మీద మా పెద్ద డాక్టరుగారి లాగే అది కూడా నా కళ్లెదుటికి వచ్చి నిలబడేదాకా పుస్తకంలోనే ఉండిపోయింది.

సింహాచలానికి నేను చెప్పింది సగమే అర్థమైంది. అదే చాలింది. తల్లికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. సందు మొదట్లో టీ కొట్టతనికి చేశాడు. “భయ్యా, దర్వాజా తోడ్ దో! అమ్మ లోపలుంది! తోడ్ దో!” అని తలుపు బద్దలు కొట్టమని అరుస్తుంటే ఓపీడీలో కూర్చున్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు. నేను ఫోన్ లాక్కుని, కుంపటి బయట పడేయండి, ముసలావిడని గాలిలోకి తీసుకురండి, మీరు గదిలో ఎక్కువసేపు ఉండకండి అని చెప్పాను. ఆదిలక్ష్మికి ఆక్సిజన్ పెట్టమని ఇంకో డాక్టరుకి అప్పగించి, ఆంబులెన్సులో నేనూ రిచా సింహాచలమూ బయల్దేరాం.

సాక్చీ చౌరస్తాలో ట్రాఫిక్ కదలదు. సింహాచలం ఆంబులెన్సు కిటికీకి తల ఆన్చి, “పొగే నేదు డాక్టరమ్మా. పొగ పోయేకే ఎట్టినాం. పొగే నేదు,” అని అదే మాట అంటున్నాడు.

మేం వెళ్లేసరికి తలుపు రెండు ముక్కలై నేల మీద ఉంది. పోలమ్మని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ముఖం పాలిపోలేదు. హాయిగా నిద్రపోతున్నట్టుంది. అది చూసి చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒకాయన, “ముసల్దానికేటీ కానేదు, గాఢ నిద్ర,” అన్నాడు. నేను గట్టిగా గిల్లినా ఆమె కదల్లేదు.

రిచా గబగబా ఆమె వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. తొంభై ఎనిమిది చూపించింది. ఆరోగ్యవంతుడి అంకె. రిచా ముఖంలో ఊరట కనిపించింది.

“మేడమ్, బాగానే ఉంది!”

“నమ్మకు. రక్తంలో ఆక్సిజన్ చోట ఆ విషవాయువు కూర్చున్నా ఈ క్లిప్పు ఆక్సిజనే అనుకుంటుంది,” అన్నాను. పోలమ్మ ముఖానికి మాస్కు బిగించి, ఆక్సిజన్ పూర్తిగా తెరిచాం. రిచా ఆ అంకెనీ, కదలని ఆ మనిషినీ మార్చి మార్చి చూసింది. ఆ అమ్మాయి ముఖం తెల్లబోయింది. యంత్రం బాగుందంటుంది, మనిషి చనిపోతోంది. మీలో ఎవరికైనా ఇలాంటి రోజు వస్తే మనిషిని నమ్మండి.

ఆసుపత్రిలో రక్తపరీక్ష నా అనుమానాన్ని ఖాయం చేసింది. పోలమ్మకి సాయంత్రానికి కళ్లు తెరుచుకున్నాయి. చాలాసేపు కొడుకుని గుర్తుపట్టలేదు. తర్వాత ఆమెకి నడక నెమ్మదైంది, చేతికర్ర పట్టుకోవలసి వచ్చింది. కొన్ని పేర్లు మరిచిపోయేది. కానీ బతికింది. ఆదిలక్ష్మి, సింహాచలం ఆ రాత్రికే తేరుకున్నారు. వాళ్లకి ఆ కొత్త తలనొప్పి మళ్లీ రాలేదు. ఆదిలక్ష్మికి పాత మైగ్రేన్ అలాగే ఉంది, ఎప్పుడైనా ఒకసారి వస్తుంది, మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. ఒకే మనిషికి రెండు రకాల తలనొప్పి ఉండొచ్చు. పాత కాగితం మీద ఉన్న పేరు రెండోదాన్ని మన కంటికి కనపడకుండా చేస్తుంది.

సందు

మర్నాడు పొద్దున నేనూ రిచా మళ్లీ భాలుబాసా వెళ్లాం. ముందురోజు వాకిట్లో నిలబడ్డప్పుడు నేనొకటి గమనించాను. ఆ సందులో ఇళ్లన్నీ ఒకే వరస. అన్నిటికీ ఒకే రకం జాలీ. జాలీలన్నిటికీ ప్లాస్టిక్.

సింహాచలం మాతో వచ్చాడు. ఒక్కొక్క తలుపే తట్టి అడిగాం. మొదటి ఇంట్లో ముసలాయన ఉన్నాడు. తలనొప్పా, ఉంది, గ్యాస్ వల్ల అన్నాడు. పక్కింటావిడ తనకి మైగ్రేన్ అంది. ఎవరు చెప్పారంటే, మందుల షాపతను చెప్పాడంది. తన చెల్లెలికి కూడా మైగ్రేనేనట, ఈ చలికాలమే మొదలైందట. ఆ తర్వాతి ఇంట్లో కళ్లద్దాలు మార్చుకున్నారు. ఇంకో ఇంట్లో ఎవరో దిష్టి పెట్టారని తలుపుకి నిమ్మకాయలు కట్టారు. ప్రతి గదిలోనూ కుంపటి ఉంది. ఒక ఇంట్లో అయితే దాని మీద నీళ్లు కాగుతున్నాయి, పక్కనే మంచం మీద ఇద్దరు పడుకుని ఉన్నారు. రిచా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చలికాలమంతా ఈ సందు మొత్తం తలనొప్పితో లేచింది, ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. మన డాక్టర్ల దగ్గరికి వచ్చినవాళ్లకి మనం ఒక పేరు పెట్టి పంపాం.

సింహాచలం కుంపట్లు బయటికి మోశాడు. జాలీల మీది ప్లాస్టిక్ తనే చింపాడు. ఎవరైనా అడ్డం వస్తే, “మా యమ్మని చూసినావు కదా? పొగ నేకపోయినా సంపేత్తాది!” అని అరిచాడు.

చివరి ఇంట్లో జయంతి అనే అమ్మాయి ఉంది. ఇచ్ఛాపురం వైపు పిల్ల. గుమ్మం బయట చాట పట్టుకుని బియ్యం ఏరుతోంది. చక్కగా నవ్వింది.

“మీ ఇంట్లో ఎవరికైనా తలనొప్పి ఉందా అమ్మా?” అని అడిగాను.

“నేదండి. మాకెవరికీ నేదు. ఆయన పొద్దున్నే పనికి పోతారు. నా పనంతా ఈ గుమ్మం బయటే. రాత్రి సిగ్డీ ఆర్పేత్తాం, దుప్పట్లకి నిప్పంటుకుంటాదని బయం.”

హమ్మయ్య అనుకున్నాను. ఒక్క ఇల్లయినా తప్పించుకుంది. వెనక్కి తిరిగాను కూడా.

“మరి పగలు సిగ్డీ ఎక్కడ పెడతావు?” అని సింహాచలం అడిగాడు.

“లోపల. పాపకి చలేత్తాదని.”

“పాపా?”

“ఆఁ. పడుకుంది. బలే మంచి పిల్లండి మా పాప. ఈ మద్దిన ఏడవనే ఏడవదు. పాలకి కూడా నేనే లేపాల. ఎప్పుడు చూసినా నిద్దరే. అందరూ అంతన్నారు, ఇలాంటి పిల్ల ఉంటే ఇద్దర్ని కనొచ్చని.”

నేను ఆ అమ్మాయిని తోసుకుని లోపలికి వెళ్లాను. ఉయ్యాల కింద కుంపటి ఎర్రగా ఉంది. పాప వెచ్చగా ఉంది, ఎత్తుకుంటే తల నా భుజం మీద వాలిపోయింది. చెయ్యి పట్టి వదిలితే జారిపోయింది. ఆ సందులో నేను అడిగిన ప్రశ్నకి ఈ ఒక్కతీ జవాబు చెప్పలేదు, దీనికింకా మాటలు రాలేదు.

ఎలా పరిగెత్తానో గుర్తు లేదు. నా వెనక జయంతి, “ఏటయింది? నా పాపకేటయింది?” అని అరుస్తూ చెప్పుల్లేకుండా పరిగెత్తటం గుర్తుంది. దారి పొడవునా రిచా ఆ చిన్న ముఖానికి మాస్కు పట్టుకుని కూర్చుంది. ఆమె కళ్ల నీళ్లు మాస్కు మీద పడుతున్నాయి. తుడుచుకోవటానికి ఆమెకి చెయ్యి ఖాళీ లేదు.

పిల్లల వార్డులో మధ్యాహ్నం దాకా ఆక్సిజన్ పెట్టారు. నేను నా ఓపీడీ వదిలేసి అక్కడే నిలబడ్డాను. మొదట కాళ్లు కదిలించింది. తర్వాత కళ్లు తెరిచి కిటికీ వైపు చూసింది. రక్తం తియ్యటానికి నర్సు మళ్లీ సూది గుచ్చగానే, ముఖమంతా ఎర్రబడి, వార్డు అదిరిపోయేలా కేకపెట్టి ఏడ్చింది. ఆపలేదు. ఎత్తుకున్నా ఆపలేదు. పాలిచ్చినా వదిలేసి మళ్లీ ఏడ్చింది.

జయంతి బెదిరిపోయి నా చీర కొంగు పట్టుకుంది.

“డాక్టరమ్మా, ఇదెప్పుడూ ఇలగ ఏడవనేదు. సూది పడనేదేటి? ఏటైనా చెయ్యండి, ఊరుకోబెట్టండి!”

“వద్దమ్మా,” అన్నాను. “ఏడవనీ.”